ఆటలోని చదువు

"చదువుకొనుమనగా ఆడుకొనుచున్నాడు" అని తల్లిదండ్రులు పిల్లలను మందలించుట మనమెల్లరము వినియున్నాము. ఈ మాటలో ఒక భావన దాగియున్నది. చదువు వేరు, ఆట వేరు. చదువు శ్రమ, ఆట సోమరితనము. ఒకటి యున్నచోట రెండవదానికి తావు లేదు అని ఆ భావన. ఇది కొంతవరకు నిజమే. రేపు పరీక్ష యనగా నేడు ప్రొద్దు క్రుంకువరకు గోలీలాడు బాలుని ఎవరును మెచ్చుకొనరు. అయినను ఆటయెల్ల చదువునకు విరోధి యగునా? ఆటలో చదువు లేదా? ఉన్నచో అది యెచ్చట నున్నది? ఈ విషయమును మన యింటి అరుగుమీద ఆడు ఆటలను పట్టియే విచారింతము.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల తెలంగాణమునకు ఉత్తరభాగమున నున్న పట్టణములు. ఇవి చిరకాలము కరీంనగరము జిల్లాలో నుండినవి. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన క్రొత్త జిల్లాలేర్పడినప్పుడు మొదటి రెండును జగిత్యాల జిల్లాలోనికిని, మూడవది రాజన్న సిరిసిల్ల జిల్లాలోనికిని చేరినవి. అష్టాచెమ్మ, ఓమనగుంటలు, పులి-మేక, పచ్చీసు, కచ్చకాయలు, చిర్రగోనె మున్నగు ఆటలు ఈ సీమలో తరతరములుగా వాడుకలో నున్నవి. కొన్నిటికి ఇతర ప్రాంతములలో వేరు పేర్లు కలవు. ఇచ్చట చిర్రగోనె యనునదే మరియొకచోట బిళ్ళంగోడు. పేరేదైనను ఆట ఒక్కటే.

ఆటల సంగతి చెప్పుటకు ముందు ఆట కానిదానిని ఒకదానిని చెప్పవలసి యున్నది. కోరుట్ల చుట్టుపట్ల గ్రామములనుండి అనేకులు పనికొరకు గల్ఫు దేశములకు పోవుచుందురు. దుబాయి గడియారము మన గడియారముకంటె గంటన్నర వెనుక నుండును. రియాదు, దోహా, కువైటు నగరముల గడియారములు రెండున్నర గంటలు వెనుక నుండును. దుబాయిలో నున్న తండ్రి "రాత్రి ఎనిమిది గంటలకు పని ముగించుకొని ఫోను చేయుదును" అన్నచో, ఇచ్చట అది తొమ్మిదిన్నర యని నాలుగవ తరగతి చదువు కూతురు ఇట్టే చెప్పగలదు. ఆమెయే పలకమీద ఎనిమిదింటికి ఒకటిన్నర కలుపుమనగా తడబడవచ్చును. ఈ భేదమేల కలుగుచున్నది? మొదటి లెక్క ఆమెకు కావలసినది. ఆ లెక్క తప్పినచో తండ్రి గొంతు వినుట తప్పిపోవును. రెండవ లెక్క ఎవరికో కావలసినది. తనకు జవాబు కావలసినప్పుడు మనస్సు తానే పరుగెత్తును. మంచి ఆట చేయు పని ఇదియే. అది లెక్కను మనకు కావలసినదానినిగా చేయును.

ఇందులకు అష్టాచెమ్మ మంచి నిదర్శనము. అడ్డముగా ఐదు, నిలువుగా ఐదు గళ్ళు గీచినచో 25 గళ్ళగును. వెలుపలి వరుసలో 16, లోపలి వరుసలో 8, నడుమ 1. ఆడువారు తమ తమ వైపున నడిమి గడిలో కాయలనుంచి, నాలుగు గవ్వలు వేయుదురు. వెల్లకిల పడిన గవ్వలు ఎన్నియో అన్ని గళ్ళు కాయ నడచును. నాలుగును వెల్లకిల పడినచో చెమ్మ, అనగా నాలుగు. నాలుగును బోర్ల పడినచో అష్ట, అనగా ఎనిమిది. కాయ వెలుపలి వరుసలో తక్కిన 15 గళ్ళు తిరిగి, లోపలి 8 గళ్ళు చుట్టి, నడిమి గడిలో పండవలెను. అనగా మొత్తము 24 అడుగుల ప్రయాణము.

చెమ్మ, అష్ట అరుదుగా పడుననియు, రెండు తరచుగా పడుననియు ఆడు పిల్లలందరును ఎరుగుదురు. అట్లేల జరుగునని అడిగినవారు అరుదు. ఒక్కొక్క గవ్వ రెండు విధములుగా పడును. కావున నాలుగు గవ్వలు పడు రీతులు రెండును నాలుగుమార్లు హెచ్చింపగా 16. వీనిలో ఒక్క గవ్వయే వెల్లకిల పడు రీతులు 4, రెండు పడు రీతులు 6, మూడు పడు రీతులు 4. చెమ్మకు ఒకే రీతి; అష్టకును ఒకే రీతి. రెండు తరచుగా పడుటకు కారణమిదియే. ఈ 16 రీతులలో వచ్చు అడుగులనెల్ల కూడినచో 40 అగును. నలుబదిని పదునారుచే భాగింపగా రెండున్నర వచ్చును. అనగా ఒకమారు గవ్వలు వేసినచో సగటున రెండున్నర అడుగులు నడచును. కావున ఒక కాయ 24 అడుగులు నడచుటకు సుమారు పది మార్లు గవ్వలు వేయవలసి వచ్చును. ప్రతిపక్షుల కాయ నొకదానిని చంపినగాని లోపలి వరుసలోనికి పోరాదను నియమము కొన్నిచోట్ల కలదు. అచ్చట ఈ లెక్క మారును. ఎట్లు మారునో మీరే యోచింపుడు.

గవ్వ రెండు వైపులకును సమముగా పడునను అనుకొనుటపై ఈ లెక్క నిలిచియున్నది. నిజమైన గవ్వకు ఒకవైపు వీపు, ఒకవైపు నోరు. అది నాణెమువలె సమము కాదు. మరి లెక్క సరియేనా? పరీక్షించి చూడుడు. నాలుగు గవ్వలను నూరుమార్లు వేసి, ప్రతిమారు పడిన సంఖ్యను వ్రాసికొనుడు. పిదప సగము చేసిన చింతగింజలతో నూరుమార్లు వేయుడు. రెండు పట్టికలను ప్రక్కప్రక్కన పెట్టి పోల్చుడు. లెక్కతో సరిపోలనిచో ఎందుకు సరిపోలలేదో ఆలోచింపుడు. అనుకొనుట, పరీక్షించుట, సరిదిద్దుకొనుట అను మూడును విజ్ఞానశాస్త్రమునకు మెట్లు. అరుగుమీద కూర్చుండియే మీరా మెట్లెక్కిన వారగుదురు.

ఆటలనుండి గొప్ప శాస్త్రమే పుట్టిన కథ యొకటి కలదు. 1654వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమునందలి పాస్కల్, ఫెర్మా అను గణితవేత్తలిద్దరు ఒకరికొకరు జాబులు వ్రాసికొనిరి. ఆట నడుమ ఆగిపోయినచో పందెమును న్యాయముగా ఎట్లు పంచవలె ననునది వారి ప్రశ్న. ఇద్దరు బాలురు చెరి 32 చింతగింజలు పెట్టి ఆడుచున్నారనుకొనుడు. మొదట మూడు ఆటలు గెలిచినవానికి 64 గింజలును చెందును. ఒకడు రెండు, మరియొకడు ఒకటి గెలిచినంతలో బడిగంట మ్రోగినది. ఎవరికెన్ని? మరియొక ఆట ఆడియుండినచో, మొదటివాడు గెలిచిన 64 గింజలును వానివే. ఓడిన ఇద్దరును సమమై చెరి 32. ఓడినను వానికి 32 తప్పక వచ్చును. మిగిలిన 32 వచ్చుటకును రాకపోవుటకును సమాన అవకాశము గలదు గనుక అందు సగము, అనగా 16, వానిదే. కావున వానికి 48, రెండవవానికి 16. రాబోవు దానిని ఇట్లు లెక్కించు శాస్త్రమునే సంభావ్యత యందురు. వాతావరణ సూచనలకును, జీవిత బీమాకును ఆధారమైన ఈ శాస్త్రమునకు ఆటలో వచ్చిన ప్రశ్నయే పునాది వేసినది.

ఓమనగుంటల ఆటలో వేరొక చదువున్నది. పీటకు రెండు వరుసలుగా 14 గుంటలుండును. గుంటకు ఐదేసి గింజలు పోసినచో మొత్తము 70. ఒక గుంటలోని గింజలెత్తి, తరువాతి గుంటలలో ఒక్కొక్కటిగా పంచుచు పోవుదురు. నేర్పరియైనవాడు గింజలెత్తకమునుపే చివరి గింజ ఎచ్చట పడునో చూచుకొనును. ఎత్తిన గుంటను కూడ విడువక పంచు పద్ధతిలో 14 గింజలు ఒక చుట్టు తిరిగి మొదటి గుంటకే వచ్చును. కావున 16 గింజలున్నచో, చివరిది రెండవ గుంటలో పడును. చుట్టును విడిచి శేషమును మాత్రమే చూచుకొనుట ఇందలి మెలకువ. ఈనాడు సోమవారమైనచో 16 దినముల తరువాత ఏ వారమగునో చెప్పుటకును ఇదే ఉపాయము. పీటకు ఒక్కొక్కవైపున ఏడు గుంటలు. వారమునకును ఏడు దినములు.

ఈ ఆట ఆఫ్రికా ఖండమునందును వేరువేరు పేర్లతో ఆడబడుచున్నది. ఇందు ఒక విశేషము కలదు. తప్పు చేసిన పిల్లను ఎవరును నిలబెట్టి మందలింపరు. చివరి గింజ అనుకొన్నచోట పడలేదని ఆమెకు పీటయే చెప్పును. ఆమె నవ్వి, తరువాతి వంతున మరింత జాగ్రత్తగా లెక్కించుకొనును. లెక్కలన్నచో భయపడు పిల్లలలో పెక్కుమందికి భయము లెక్కవలన కలిగినది కాదు. తప్పు చెప్పినప్పుడు నలుగురు నవ్వుదురను సిగ్గువలన కలిగినది. తప్పు అవమానము కాక, తరువాతి ప్రయత్నమునకు దారియైనప్పుడు ఆ భయము క్రమముగా విడిపోవును.

ఇక పులి-మేక. పలుచోట్ల ఇందు మూడు పులులు, పదునైదు మేకలుండును. మేక వెనుకనున్న స్థానము ఖాళీగా నున్నచో పులి దానిమీదుగా దుమికి చంపును. వెనుక మరియొక మేక యున్నచో దుమకజాలదు. అందుచేత మేకలు ఒకదానికొకటి అండగా నిలిచి పులులను కదలనీయక కట్టివేయవలెను. బలమున పులి యెక్కువ, కూడికలో మేకలెక్కువ. గవ్వలు లేవు గనుక ఇందు అదృష్టమునకు చోటు లేదు. ఓడినవాడు తన ఆలోచననే తప్పుపట్టుకొనవలెను.

జగిత్యాలలో 18వ శతాబ్దమున కట్టిన నక్షత్రాకారపు కోట యొకటి కలదు. పులి-మేక ఆడిన బాలుడు ఆ కోటను చూచినచో దాని ఆకారములోని మర్మమును ఇట్టే గ్రహింపగలడు. గోడ తిన్నగా నున్నచో దానిపై నిలిచిన కావలివానికి గోడ అడుగుభాగము కనబడదు. శత్రువు అచ్చట దాగవచ్చును. బురుజులు నక్షత్రపు కొనలవలె ముందునకు పొడుచుకొని వచ్చినచో, ఒక బురుజుమీదివాడు ప్రక్క గోడ అడుగును చూడగలడు. అనగా ఒక బురుజు మరియొక బురుజునకు అండ. పులి-మేకలో మేకలు పాటించు నీతియు ఇదియే. ఒకచోట నేర్చిన తెలివి వేరొకచోట పనికివచ్చినప్పుడే అది నిజమైన చదువగును.

కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతములు పసుపు పంటకు పేరుపొందినవి. అంగడిలో పసుపు తూచుట చూచిన పిల్లలకు అంగడి ఆట సులభము. ఒక కఱ్ఱకు రెండు మూతలు వ్రేలాడదీసి త్రాసు చేసికొనవచ్చును. ఇప్పుడొక ప్రశ్న. నాలుగే తూకపు రాళ్ళతో ఒకటి మొదలు నలుబది కిలోలవరకు ఏ తూకమునైనను తూచగలమా? తూచగలము. ఆ రాళ్ళు 1, 3, 9, 27 కిలోలు కావలెను. రెండు కిలోలు తూచవలెనన్నచో మూడు కిలోల రాతిని ఒక తట్టలోను, ఒక కిలో రాతిని పసుపుతోపాటు రెండవ తట్టలోను ఉంచవలెను. ఐదు కిలోలకు తొమ్మిదిని ఒకవైపునను, మూడును ఒకటిని పసుపువైపునను పెట్టవలెను. పదునాలుగు కిలోలు ఎట్లు తూతురు? ఇది మీకు విడిచిపెట్టుచున్నాను. ఫ్రాన్సు దేశీయుడగు బాషే 1612లో ప్రకటించిన వినోద గణిత గ్రంథమున ఈ తూకపు రాళ్ళ సమస్య కలదు. మన దేశమున భాస్కరాచార్యుడు 1150లో లీలావతిని రచించినప్పుడే తుమ్మెదలను, హంసలను లెక్కలలోనికి తెచ్చి గణితమును వినోదముగా మలచియుండెను.

సిరిసిల్ల మగ్గముల పట్టణము. 2017వ సంవత్సరమునుండి కొన్నియేండ్లు రాష్ట్రప్రభుత్వము బతుకమ్మ పండుగకు పంచిన చీరలు ఇచ్చటి మరమగ్గములపై నేయబడినవి. పడుగు, పేక అనుమాటలు ఇచ్చటి పిల్లలకు ఎవరును నేర్పనక్కరలేదు. రంగుకాగితపు పట్టీలను పడుగుగను పేకగను కూర్చి అల్లుట మంచి తరగతి ఆట. పడుగులో ప్రతి నాలుగవ పట్టీ ఎరుపు కావలెననియు, ప్రతి ఆరవ పట్టీపై చుక్క పెట్టవలెననియు నియమము చేసికొందము. ఎరుపును చుక్కయు ఒకే పట్టీమీద ఎప్పుడు కలియును? పన్నెండవ పట్టీమీద, తిరిగి ఇరువదినాలుగవ దానిమీద. పాఠ్యపుస్తకమున క.సా.గు. అని మూడక్షరములలో మెలిపెట్టియున్న భావము ఇచ్చట కంటికి కనబడును, చేతికి తగులును.

భాషకును ఇట్టి ఆటలే కలవు. ఒకరు చదివిన పద్యము ఏ అక్షరముతో ముగిసినదో ఆ అక్షరముతో మరియొకరు పద్యమెత్తుకొను పద్యతోరణము వానిలో నొకటి. పొడుపుకథ మరియొకటి. ఆచార్య సి. నారాయణరెడ్డి 1931లో ఇప్పటి రాజన్న సిరిసిల్ల జిల్లాలోని హనుమాజీపేటలో జన్మించెను. సిరిసిల్లలో చదువుకొనెను. నాటి నైజాము రాజ్యమున ఆయన పాఠశాల చదువు ఉర్దూ మాధ్యమమున సాగెను. హరికథలు, జానపద గీతములు, జంగము కథలు చిన్ననాట వినుచు ఆ బాలుడు వానిపై మక్కువ పెంచుకొనెను. తరగతి గదిలో అంతగా దొరకని తెలుగు వినోదరూపమున దొరకినది. పెరిగి మహాకవియై 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారమును పొందెను. పాటలు విన్నవారెల్ల కవులు కాకపోవచ్చును. కాని ప్రీతితో చెవినబడిన మాట చిరకాలము నిలుచునని ఆయన బాల్యము చెప్పుచున్నది.

ఆటద్వారా చదువను భావనను ఆచరణలో పెట్టిన విద్యావేత్తలు పలువురు కలరు. జర్మనీ దేశమున ఫ్రోబెల్ 1837లో పసిపిల్లలకొక శాలను నెలకొల్పి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరిడెను. పిల్లల తోట యని ఆ మాటకర్థము. ఇటలీ దేశీయురాలగు మాంటిస్సోరి 1907లో రోము నగరమున శిశుగృహమును ప్రారంభించెను. ఆమె 1939లో మన దేశమునకు వచ్చి మద్రాసులో ఉపాధ్యాయులకు శిక్షణ నొసగెను. గుజరాతులో గిజుభాయి 1920లో భావనగరమున బాలమందిరమును స్థాపించెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆటలద్వారా బోధనను ప్రోత్సహించినది. మూడేండ్లు మొదలు ఎనిమిదేండ్లవరకు గల పిల్లలకై ఆటవస్తువులతో కూడిన జాదూయీ పిటారా యను పెట్టెను కేంద్ర విద్యాశాఖ 2023 ఫిబ్రవరి 20వ తేదీన విడుదల చేసినది.

అయితే ఆట యని పేరు పెట్టినంతమాత్రమున అన్నియు చదువు చెప్పవు. ధర్మరాజంతటివాడు జూదమాడి రాజ్యమును కోలుపోయెను. ధనము పందెముగా నొడ్డిన ఆటలో మనస్సు ధనముమీదనే యుండును, ఆలోచనకు చోటుండదు. కేవలము అదృష్టముపై నడచు ఆటవలన అంకెలు లెక్కించుట అలవడునుగాని వివేచన అలవడదు. మరియొక లోపము పైకి కనబడనిది. తప్పు చెప్పినవాడు బయటికి పోవలెనను నియమముతో తరగతిలో ప్రశ్నల పోటీలు జరుగుచుండును. మొదట బయటికి పోవువాడెవడు? అభ్యాసము ఎక్కువ కావలసినవాడే. గంటసేపు ఆటలో వానికి ఒక్క ప్రశ్నయే దక్కినది. అన్నియు వచ్చినవానికి పది దక్కినవి. ఇట్టి ఆట నేర్చినవానికే నేర్పుచున్నది. కావున తరగతిలో ఆడు ఆట, ఓడినవానిని కూడ చివరివరకు ఆడనిచ్చునదిగా నుండవలెను.

ఆట ముగిసిన పిదప జరుగు పని అన్నిటికంటె ముఖ్యమైనది. తరతరములుగా లక్షలమంది అష్టాచెమ్మ ఆడిరి. అష్ట యేల అరుదని ఆగి అడిగినవారికే అందలి గణితము దొరకినది. "నీవు ఈ కాయనే ఏల నడిపితివి? వేరొకదానిని నడిపియుండినచో ఏమగును? ఈ నియమమును మార్చినచో ఆట ఎట్లు మారును?" అని ఉపాధ్యాయుడు గాని, అన్నగారు గాని, తోడివాడు గాని అడుగవలెను. ఆట మనలో కోరికను పుట్టించును. ప్రశ్న ఆ కోరికను జ్ఞానముగా మార్చును. రెండింటిలో ఏది లేకున్నను ఫలము సగమే.

బాలలారా! మీ యింట పెద్దలెవరైన నున్నచో ఈ సెలవుదినములలో వారిని తమ చిన్ననాటి ఆట నొకదానిని నేర్పుమని అడుగుడు. దాని నియమములను వ్రాసికొనుడు. ఆడుడు, ఓడుడు, ఎందుకోడితిరో యోచించి మరల ఆడుడు. పిదప మీ తోబుట్టువులలో లెక్కలకు భయపడువారిని పిలిచి, పీటకు ఆవలివైపున కూర్చుండబెట్టుకొనుడు. వారు చివరి గింజ పడుచోటును ముందుగనే చెప్పగలిగిన నాడు, "ఇదియే భాగహారములోని శేషము" అని మెల్లగా చెప్పుడు. ఆ క్షణమున వారి ముఖమున వెలుగు వెలుగే, ఆటలో చదువు కలదా యను ప్రశ్నకు జవాబు.